పునుగుల ప్లేటు, చెరువు గట్టు

నేను చూడగా నాన్న చేసిన చివరి మామూలు పని, ఎదురుగా కూర్చున్న అబ్బాయిరాజు గారి ప్లేటులోంచి రెండు పునుగులు లాక్కోవడం.

"ఇదేంటండీ వెంకట్రాజు గారూ!"

"నా ప్లేటు భద్రత కోసమండీ. మీ పునుగులు మరీ దగ్గరగా వచ్చేశాయి."

భీమడోలు స్టేషను దగ్గర చిట్టిబాబు హోటల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తాడేపల్లిగూడెం రైలు వచ్చిందని పరిగెత్తాను. మధ్యాహ్నం పొలంలో నాన్న గుండె ఆగిపోయింది.

రష్యా ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపినప్పటి నుంచి ఆ బల్ల దగ్గర వాళ్ళిద్దరిదీ అదే వాదన. అబ్బాయిరాజు గారు రష్యా తరఫు. తన భద్రత కోసమే వెళ్ళిందన్నారు. తర్వాత, అక్కడున్న తనవాళ్ళను కాపాడటానికన్నారు. ఆ తర్వాత, అసలు రెండూ ఒకప్పుడు ఒకటేనన్నారు.

"కారణం అరిగినప్పుడల్లా కొత్తది తొడుగుతారేంటండీ, చెప్పుల్లాగా?" అనేవారు నాన్న.

"యుద్ధం ఎవరిదైనా నూనె ధర పెరిగింది నాకేనండీ," అనేవాడు చిట్టిబాబు.

నాన్నకు అంత పట్టింపు ఎందుకో ఊరందరికీ తెలుసు. మా వరి చేను పక్కనే అబ్బాయిరాజు గారి చేపల చెరువు. ఏటా వేసవిలో ఆయన పొక్లెయిన్ పెట్టి గట్టు బాగుచేయించేవారు. బాగైన గట్టు ప్రతిసారీ కాస్త మా చేలోకి జరిగి ఉండేది. మొదట, గండి పడకుండా అన్నారు. తర్వాత, చెరువు నీరు మీ వరిలోకి ఊరకుండా, మీ మేలుకేనన్నారు. ఆ గట్టును వెనక్కి జరిపించాలన్నదే నాన్న పట్టుదల. కోర్టుకు వెళ్దామంటే, "ముందు ఆయన నోటితోనే తప్పనిపిస్తాను," అనేవారు. ఉక్రెయిన్ సంగతి ఒప్పుకుంటే గట్టు సంగతీ ఒప్పుకున్నట్టేనని ఆయన నమ్మకం. తమ మీద ఇంత భారం ఉందని పాపం ఆ సైన్యాలకు తెలియదు.

పెద్దకర్మ భోజనాల దగ్గర అబ్బాయిరాజు గారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ అమ్మతో అన్నారు.

"ఒకే ప్లేటులో తిన్నవాళ్ళమండీ సత్యవేణి గారూ. మా మధ్య గట్టు ఎటుంటే ఏంటండీ?"

ఆ రెండు పునుగులకు హోటలంతా సాక్ష్యం. పెద్దలు తలలూపారు. వారం తిరక్కుండా గట్టు మీద కొబ్బరి మొక్కలు వెలిశాయి.

అవి వేళ్ళూనుకున్నాక చిట్టిబాబు చెప్పాడు. ఆ రోజు నేను రైలెక్కాక, నాన్న వేడివేడి పునుగులు రెండు తెప్పించి ఆయన ప్లేటులో వేశారట.

"నేను వెనక్కిచ్చేశానండీ. మరి మీ పొక్లెయిన్ ఎప్పుడొస్తుందండీ?"

అబ్బాయిరాజు గారు ఆ రెండూ చట్నీతో తిన్నారట.