శంకరవ్వ నడుము, ముత్యం చీలమండ

శ్రీరాంపూర్ గని వర్క్‌షాపులో ఆయన ఫిట్టర్ ముత్యం. క్వార్టర్ల లైన్లోకి వస్తే మాత్రం ఎదురుకాళ్ల ముత్యం. తల్లి కడుపులోంచి తలకు బదులు కాళ్లు ముందుపెట్టి వచ్చినవాళ్లు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని ఆ చుట్టుపక్కల గట్టి నమ్మకం. నొప్పి ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున పరిగడుపున వచ్చి ముత్యం గడప మీద బోర్లా పడుకునేవారు. ఆయన కుడిపాదం వాళ్ల నడుము మీద ఆనించి, మెల్లగా మూడుసార్లు తొక్కి పంపేవాడు.

ఆయనకు ఇందులో నమ్మకం లేదు. అరిగిన బేరింగును ఎన్నిసార్లు తొక్కినా బాగుపడదని ఫిట్టరుకు తెలియదా? కానీ, "వచ్చినోళ్లను ఒట్టిగ పంపకు బిడ్డా" అని తల్లి చెప్పిపోయింది. అందుకని తొక్కేవాడు.

ఆయనకు నమ్మకం ఉన్నది లాంగ్ జంప్ మీద. ఎవరూ నేర్పలేదు, తనే నేర్చుకున్నాడు. దూకేముందు కాలు ఆనించే పలక దగ్గర నిలబడి వెనక్కి పరుగెత్తేవాడు. ఎక్కడ ఆగాడో అక్కడ గుర్తు పెట్టి, టేపుతో కొలిచి, ఒక మేకు దిగ్గొట్టేవాడు. మళ్లీ పీకి, బెత్తెడు జరిపి, మళ్లీ కొట్టేవాడు. ఆయన ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నాడని గ్రౌండులో నడకకు వచ్చినవాళ్లు చాలాకాలం అనుకున్నారు. ఎంత దూరం దూకుతావని ఎవరైనా అడిగితే, "ముందు కాలు పలక మీద పడాలె గదా" అనేవాడు. అంతకు మించి ఆ విషయంలో మాట్లాడి ఎరగడు.

నలభై దాటాక ఆ కాలు సరిగ్గా పలక మీద పడింది. ఏరియా పోటీల్లో మొదటి స్థానం వచ్చింది. నిజానికి ఆయనకంటే ఎలక్ట్రీషియన్ షాబాజ్ ఎక్కువ దూరం దూకాడు. కాని ఆ కుర్రవాడు పరుగెత్తేటప్పుడు పలకను చూడడు, మబ్బులను చూస్తాడు. ప్రతిసారీ పలక దాటి కాలు వేశాడు, ప్రతిసారీ ఫౌలే. దాంతో బొగ్గు కంపెనీలన్నీ కలిసి నాగ్‌పూర్‌లో జరిపే పోటీలకు ముత్యం పేరు వెళ్లింది. షాబాజ్ పేరు కింద ఎక్‌స్ట్రాగా రాశారు.

కార్మిక నాయకుడు సారయ్య వెంటనే కాలనీ గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. 'శ్రీరాంపూర్ చిరుత' అని పెద్ద అక్షరాలు. ముత్యం ఎగురుతున్న ఫోటో ఎవరి దగ్గరా లేకపోవడంతో, ఎవరో విదేశీ ఆటగాడి ఒంటికి ముత్యం రేషన్ కార్డు తలకాయ అతికించారు. ఆ తొడలు చూసి భార్య జమున, "గీయన ఎవలో గని మంచిగ తింటుండు" అంది.

ప్రయాణానికి ముందటి ఆదివారం శంకరవ్వ వచ్చింది. మూడో క్వార్టర్ శంకరవ్వ భారీ మనిషి. నడుము పట్టేసి మూడు రోజులుగా వంగలేక, లేవలేక అవస్థపడుతోంది. జమున చెయ్యి అడ్డం పెట్టింది.

"అత్తా, ఆయన నాగ్‌పూర్ పోతుండు. కాలు పైలంగ ఉంచుకోవాలె."

"నేనేం కాలు తీస్కపోతనా బిడ్డా? జర ఆనిచ్చి తీస్తడు."

"ఎడమకాలుతో తొక్కుతా" అన్నాడు ముత్యం. కుడికాలుతోనే ఆయన గాల్లోకి లేచేది మరి.

"ఎడమ కాలా? నేనేం పాపం చేసిన?" అని శంకరవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇక తప్పదని ముత్యం కుడికాలు పెట్టాడు. ఆమె తెల్లవారే లేచి, తొక్కుడు బాగా పట్టాలని నడుముకు నువ్వుల నూనె దట్టంగా పట్టించుకుని వచ్చిందని ఆయనకు తెలియదు. పలచని చీర మీదికి నూనె ఊరింది. మొదటి తొక్కుకే పాదం సర్రున జారింది. చీలమండ గడప అంచుకు తగిలి అడ్డంగా తిరిగింది. టక్‌మని చప్పుడైంది.

"పాయె!" అంది శంకరవ్వ. "పట్టు పాయె బిడ్డా. ఇన్నవా చప్పుడు?"

ఎవరి సాయమూ లేకుండా లేచి, చీర దులుపుకుని నడిచి వెళ్లింది. ముత్యం తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. 

మధ్యాహ్నానికి కాలు సొరకాయలా వాచింది. డాక్టర్ కట్టు కట్టి, నెలన్నర దాకా దూకే మాటే ఎత్తవద్దన్నాడు. ఈలోగా శంకరవ్వ టక్‌మన్న సంగతి లైనంతా చెప్పేసింది. సాయంత్రానికి పక్కనున్న నస్పూర్ నుంచి కూడా నడుములు బయలుదేరాయి. ఆయన డ్యూటీకి పోయాడని చెప్పి, ముత్యాన్ని లోపలి గదిలో పెట్టి జమున తలుపు వేసింది.

"గిప్పుడేం చేద్దాం?" అన్నాడు ముత్యం.

"నాగ్‌పూర్ పో. గాడ ఉరికినట్టు చేసి కింద పడు. ఆటల దెబ్బ తాకిందంటే ఇజ్జత్ ఉంటది. ఈడ తాకిందంటే, ఎట్ల అంటరు. ఏం చెప్తవ్?"

 ముత్యానికి ఫ్లెక్సీ గుర్తుకొచ్చింది. ఈ వయసులో మళ్లీ ఏరియా పోటీల్లో మొదట వస్తానన్న ఆశ ఆయనకు లేదు. ఒక్కసారి, పెద్ద గ్రౌండులో, కొత్త పలక మీద కాలు వేసి చూడాలని ఉండేది. భార్య చెప్పినట్టే చేద్దామనుకున్నాడు. కట్టు మీద రెండు సాక్సులు తొడిగాడు.

నాగ్‌పూర్‌కు పంపిన పేర్లు మార్చుకోవడానికి ఆఖరు రోజునే సారయ్య వీడ్కోలు సభ పెట్టాడు. కమ్యూనిటీ హాలు నిండింది. సారయ్య మైకు పట్టుకుని బొగ్గు పుట్టిన దగ్గరనుంచి మొదలుపెట్టాడు. స్టేజీ మీద ముత్యం మెడలో దండ, టేబుల్ కింద కాలు. షాబాజ్ వెనకనుంచి వచ్చి ఆయన ఒళ్లో ఒక సంచి పెట్టాడు. అందులో కొత్త స్పైక్ బూట్లున్నాయి.

"నీ బూట్లు అరిగినయ్ అన్నా. మనిద్దరిది ఒక్కటే సైజ్. ఇవి ఏస్కపో. నాకెట్లయినా పని లేదు."

ముత్యం బూటు తిప్పి చూశాడు. మేకులు పదునుగా ఉన్నాయి, ఇంకా మట్టి తగలలేదు. తను వెళ్లి ఉత్తుత్తిగా పడితే, ఆ పలక మీద ఎవరి కాలూ పడదు. టేబుల్ పట్టుకుని లేచి, సారయ్య చేతిలోని మైకు అందుకున్నాడు.

"నేను పోతలేను. కాలు బెణికింది. పేరు ఇయ్యాల్నే మార్చుండ్రి. షాబాజ్ పోతడు."

 సారయ్య మైకు లేకుండానే అడిగాడు. "ఎట్ల బెణికింది తమ్మీ?"

జమున తల వంచుకుంది. ముత్యం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆదివారం, గడప, నూనె, చప్పుడు.

ఆడవాళ్ల వైపు నుంచి శంకరవ్వ లేచింది.

"అయితే గా టక్ నాది కాదా?"

"కాదు అత్తా. నాదే."

శంకరవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. "అవ్వో, పట్టింది" అని కుర్చీలో కూలబడింది. ఆదివారం నుంచి మూడు రోజులు నాట్లు వేసేంత హుషారుగా తిరిగిన మనిషిని నలుగురు పట్టుకుని ఇంటికి తీసుకుపోవలసి వచ్చింది. అప్పుడు మొదలైన నవ్వు గేటు దాకా పోయింది. సారయ్యకు మిగిలిన ఉపన్యాసం ఎక్కడ అతికించాలో తెలియక, ఫ్లెక్సీకి తలకాయ మార్చాలని మాత్రం ప్రకటించి దిగిపోయాడు.

పేరు మార్పించి వస్తూనే ముత్యం షాబాజ్‌ను గ్రౌండుకు రమ్మన్నాడు. పలక పక్కన కుర్చీ వేయించుకుని, కాలు ఇటుకల మీద పెట్టుకున్నాడు.

"ఈడికెల్లి ఎనుకకు ఉరుకు."

"ఎనుకకా? నాగ్‌పూర్ గట్ల కాదు గదా అన్నా."

"ఉరుకు."

షాబాజ్ పరుగెత్తాడు. గుర్తు పెట్టారు, మేకు కొట్టారు. ముందుకు వచ్చి దూకితే కాలు పలక దాటింది. మేకు బెత్తెడు వెనక్కి జరిగింది. మళ్లీ దాటింది. మళ్లీ జరిగింది. మబ్బుల్లో ఏముందని ముత్యం తిట్టాడు. నీడలు ఇసుక గుంట దాటుతున్న వేళ షాబాజ్ కుడికాలు పలక నడిమధ్యన ఢప్పున పడింది. మనిషి గాల్లో చాలాసేపు ఉన్నట్టనిపించింది.

"ఎంతొచ్చిందన్నా?" అని ఇసుకలోంచే అరిచాడు.

ముత్యం గుంట వైపు చూశాడు. తన జన్మలో ఏనాడూ తన మడమ పడని చోటది. దానికీ తను దూకే చోటుకూ మధ్య మనిషి పడుకోవచ్చు. టేపు ఆయన ఒళ్లోనే ఉంది.

"కాలు పలక మీద పడ్డది" అన్నాడు. "గదొక్కటే చూసిన. ముందుగాల ఇసుక సాపు చెయ్యి, మల్ల దూకుదువు."