ఘటసర్పం వీపు మీద

ముందు "ఊఁ" వినిపిస్తుంది. మలుపు అవతల, తుంగ వెనక నుంచి, చాలా చిన్న గొంతులు కలిసిన ఒకే "ఊఁ". ఆ తర్వాతే పసుపుపచ్చ వ్యాను కనిపిస్తుంది. తలుపు పక్క సీట్లో, పిల్లల వైపు తిరిగి, కథ చెబుతూ హెప్సిబా.

కొల్లేటి లంకల పిల్లల్ని ఏలూరు శివారులో నేను పాఠాలు చెప్పే స్కూలుకి తెచ్చే వ్యానులో ఆమె ఆయమ్మ. ఆ కథ ఒక డ్రాగన్ నవల. తాడేపల్లిగూడెం స్టేషను బయట పాత పుస్తకాల్లో దొరికింది. అట్ట లేదు. అది చదువుతూ రెండుసార్లు అన్నం మాడ్చింది.

"రాజుల గొడవ నాకెందుకండీ. అది రెక్క విప్పిందంటే మాత్రం గుండె జారిపోద్దండీ. అయినా పేజీ తిప్పకుండా ఉండలేను," అనేది నాతో.

పుస్తకంలో డ్రాగన్ నిప్పుల కొండలో ఉంటుంది. లంకల్లో కొండ ఎక్కడిది? అందుకని బైబిల్లో డ్రాగన్‌కి ఉన్న పేరు, చర్చిలో చిన్నప్పటి నుంచి విన్న ఘటసర్పం పేరు పెట్టి, దాన్ని కొల్లేట్లో పడుకోబెట్టింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు బయట పెట్టడం మానేశారు.

సెప్టెంబరులో ఎగువన వానలు కురిశాయి. ఒక సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకు తీసుకెళుతుంటే సరస్సు రోడ్డెక్కింది. సగం దారిలో రోడ్డు అంచులూ పక్కనున్న కాలవా నీళ్ళలో మాయమయ్యాయి. గుర్రపుడెక్క గుంపులు, పచ్చటి పొలుసుల్లా, వ్యాను పక్కన కదులుతున్నాయి.

"ఆయమ్మా, అది లేచింది!" అని కేక పెట్టింది రెండో తరగతి దీవెన.

పిల్లలంతా ఏడుస్తూ అవతలి వైపుకు తోసుకున్నారు. వ్యాను ఒరిగింది.

"ఒక్క పక్కకి చేరకండర్రా, కాలవలో పడతాం!" డ్రైవరు కనకరాజు అరిచాడు. "ఏవమ్మా హెప్సిబా, దాన్ని ఇక్కడ పెట్టింది నువ్వేగా! నువ్వే తియ్యి!"

లేదని చెబితే ఎవరు నమ్ముతారు? కిటికీ నిండా అదే ఉంది.

"లేచిందమ్మా," అంది హెప్సిబా. "మనం దాని వీపు మీదే ఉన్నాం. ఒడ్డుకి మోసుకెళ్తంది. కదిలారా, దానికి చక్కిలిగింత. మునిగిపోద్ది."

పిల్లలు ఒక్కొక్కరే, ఊపిరి బిగబట్టి, తమ సీట్లలోకి జారారు. ఎవరూ ఊఁ కొట్టలేదు. నేల కింద నీళ్ళు బుసకొడుతూ రాసుకున్నాయి. వ్యాను నిటారై, మెల్లగా, మెల్లగా గట్టెక్కింది.

నీరు తగ్గి స్కూలు తెరిచాక వ్యాను నిశ్శబ్దంగా వచ్చింది. గేటు దగ్గర అడిగాను: "కథ ఆపేశారేం హెప్సిబాగారూ? పిల్లలు భయపడుతున్నారా?"

"వాళ్ళకేం భయవండీ, మళ్ళీ చెప్పమని పీకుతున్నారు. నాకేనండీ. నేను చెప్పింది అబద్ధవే గదండీ. మరి ఆ నీళ్ళలో, వాళ్ళంతా కూర్చున్నాక, కింద నించి ఎవరో వ్యాన్ని ఒక్కసారి పైకెత్తినట్టయ్యిందండీ. కనకరాజు గారికీ తెలిసిందేమో అడగాలని ఉంటదండీ. అడగను. అవునంటారేమోనని."