ఊరికే వచ్చిన కెర్నల్

ఈమధ్య మా ఇంటికొచ్చే నీళ్ళ క్యానుకు మూత ఊడి రావడం లేదు. కత్తితో కోసి, గోళ్ళతో పీకి, చివరికి పళ్ళను కూడా పణంగా పెట్టినా సీలు చెక్కుచెదరదు. లోపలున్నవి మా వీధి చివరి బోరు నీళ్ళేనని నాకూ తెలుసు, తెచ్చేవాడికీ తెలుసు. సీలు లేకపోతే నేను తాగననీ ఇద్దరికీ తెలుసు. దానితో కుస్తీ పడినప్పుడల్లా కదిరిలో మా మేనమామ శెనక్కాయల మిల్లూ, అక్కడ నేను పడిన భయమూ గుర్తొస్తాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కంప్యూటర్ డిగ్రీ చేసినవాడు ఇంట్లో మిక్సీ కూడా బాగుచేయగలడని పెద్దలు నమ్మే కాలమది. అమ్మ మాట కాదనలేక మామ నన్ను మిల్లు ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఏ రైతు ఎన్ని కాయలు తోలాడో ఆ తూకాలన్నీ అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటర్లో ఉండేవి. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరో ఇచ్చిన దొంగ సీడీది. బెంగళూరు నుంచి దొంగ సీడీల తనిఖీకి వస్తున్నారని బజారులో పుకారు పుట్టాక, గేటు దగ్గర తెల్లకారు ఆగిన ప్రతిసారీ మామ నా వైపు చూసేవాడు, నేను వెనక తలుపు వైపు చూసేవాణ్ణి.

అప్పుడు దానికి బదులుగా వాడుకోదగ్గ లినక్స్ సంగతి చెప్పాను. ప్రపంచమంతటా వేలమంది కలిసి రాసుకున్నదనీ, ఎవరైనా వాడుకోవచ్చనీ, దాని కెర్నల్, అంటే యంత్రాన్ని నడిపించే గుండెకాయ, ఉచితమనీ అన్నాను. మా మిల్లులో కెర్నల్ అంటే ఒలిచిన పప్పు; ఎగుమతి వ్యాపారులు నేర్పి పోయిన మాట. ఊరికే పప్పు పంచే మారాజెవరో మామకు అంతుపట్టలేదు.

"ఊరికే ఇస్తాండారంటే పోయినేడాది సరుకై ఉంటాది. చేదెక్కింటాది, చూసుకో అల్లుడా."

నేను నవ్వి, స్నేహితుడి దగ్గర సీడీ తెచ్చి ఎక్కించి, తూకాలన్నీ అందులోకి మార్చాను. ఆ సీజనుకు అదే నా ఆఖరి నవ్వు.

కాయలొచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. తెర నల్లగా మారి, తెల్లటి అక్షరాలతో నాకర్థం కాని ప్రశ్న ఒకటి అడిగి ఆగిపోయింది. బయట ట్రాక్టర్లు, తూకం చీటీల కోసం రైతులు. వానలు మొహం చాటేసిన ఏడు. పండిందే కాస్త, ఆ కాస్తా నా పెట్టెలో ఇరుక్కుంది. తూకాలు పోతే రైతుదొక మాట, గుమాస్తాదొక మాట అవుతుంది. మా వైపు అలాంటి తేడాలు మాటలతో ఆగవు. నా చొక్కా వీపుకంటుకుపోయింది.

మామ వచ్చి, దాన్ని చేసినవాళ్ళకు ఫోన్ చేయమన్నాడు. వాళ్ళు వేలమందని గుర్తుచేశాను.

"ఆ వేలమందిలో ఒగడన్నా కదిరికొస్తాడా?"

రాడన్నాను.

"మరి చెడిపోతే ఎవుర్ని పట్టుకోవల్ల?"

పట్టుకోవడానికి వీలుగా ఆ గదిలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు పరిగెత్తి, లినక్స్ వాడేవాళ్ళు మాట్లాడుకునే చోట మొర పెట్టుకున్నాను. సాయంత్రానికి ముక్కూమొహం తెలియని ఒకాయన, అది ఏమడిగినా అవునని నొక్కమని రాశాడు. మిల్లుకు తిరిగొచ్చి, ఏమడుగుతోందో తెలియకుండానే నొక్కుతూ పోయాను; పెళ్ళిలో కూడా అన్నిసార్లు తలూపలేదు. తూకాలన్నీ తిరిగొచ్చాయి. ఆయనకు కృతజ్ఞత చెప్పాలంటే ఏ దేశంవాడో కూడా తెలియదు.

అయినా తరువాతి వారమే మామ అదే లినక్స్‌ను ఒక కంపెనీ డబ్బాలో పెట్టి అమ్ముతుంటే బెంగళూరు నుంచి తెప్పించాడు. లోపలున్నది అదే పప్పు మామా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఆయనకది వింతేమీ కాలేదు. పప్పు రైతులదే, మనం జల్లెడ పట్టి, రాళ్ళేరి, సంచీకి మన పేరు కుడతాం, రాయి తగిలితే కొన్నవాడు మన గొంతు పట్టుకుంటాడు, దుడ్లు ఆ గొంతుకేనన్నాడు. ఆ కంపెనీ కూడా తాను ఏరిన రాళ్ళ సంగతి మళ్ళీ ఆ వేలమందికీ చెబుతుందనీ, అందువల్ల ఉచితంగా తీసుకున్నవాడి పప్పూ బాగుపడుతుందనీ నేను చెబితే, అయితే విత్తనం తిరిగిచ్చినట్టేనని తృప్తిపడ్డాడు. చెడిపోతే పిలవమని డబ్బా మీద వేసిన ఫోన్ నంబరు గోడకు అతికించాం. ఒక్కసారీ చేయలేదు గానీ, ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టింది.

ఇప్పుడా మిల్లు ఫంక్షన్ హాలయింది. మొన్న మామను చూడబోయి, ఆయన చేతిలోని ఫోన్ లోపల ఉన్నది కూడా ఆనాటి కెర్నలేనని గొప్పగా చెప్పాను. బ్యాంకు, పంట బీమా, పోయిన అత్త ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రోజుల్లో మా భయానికి కనీసం ఒక నంబరుండేది. మామ ఫోన్‌ను తిరగేసి, సంచీకి కుట్టిన చీటీ కోసం వెతికినట్టు వెనక వైపు చాలాసేపు చూశాడు.

"నంబరు యాడుండాదప్పా? ఇది చెడిపోతే ఎవుర్ని పట్టుకోవల్ల?"