రెండు గీతల ఎలుక, భూపాలపల్లి దాకా

ఉదయం జనగామ స్టేషన్‌లో టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చూశాను, నా ఎడమ బొటనవేలి మీద రెండు నల్లటి గీతలు. ఎలుకల తోకల మీద గుర్తులు గీసే పెన్ను మరక. రెండు రోజులైనా సబ్బుకు పోలేదు.

ప్రయాణానికి కారణం ఒక ఫోన్. మా ఇల్లు జనగామ, పరిశోధన హైదరాబాద్‌లో. కండరాలకు అవసరమైన ఒక జన్యువు మీద పనిచేస్తున్నాను. అది దెబ్బతిన్న పిల్లల్లో మరిపెడ దగ్గరి తండాకు చెందిన తొమ్మిదేళ్ల నందిని ఒకరు. పోయినేడాది వాళ్లమ్మ సరోజతో అనుమతి పత్రం మీద సంతకం చేయించుకుంటూ, "మా ల్యాబ్‌లో ఎలుకలకు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తాం" అన్నాను. అంతకుమించి చెప్పడానికి నోరు రాలేదు. శనివారం మహబూబాబాద్ నుంచి, నందినికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్ట్ ఫోన్ చేసింది. "పాప మూడు నెలల సంది వస్తలేదు. ఎలుకల ఇంజెక్షన్ వస్తదట, ఇంక గీ కసరత్తు ఎందుకని ఆపిన్రు." వ్యాయామం ఆగితే కాళ్లు బిగుసుకుపోతాయి. సరోజ నంబర్ పనిచేయలేదు. ఎవరికి తప్పు చెప్పామో వాళ్ల ఎదుటే దిద్దుకోవాలని కాన్వెంట్‌లో మా సిస్టర్ అనేవారు.

ఏడింటికి రైలెక్కితే తొమ్మిదిన్నరకు మహబూబాబాద్ చేరాను. అక్కడి నుంచి మరిపెడకు బస్సులో సుమారు గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. తండాకు ఆటో, రానూపోనూ మూడు వందలు. చెప్పాల్సిన మాటలు దారంతా నోట్‌బుక్‌లో రాస్తూ కొట్టేస్తూ వచ్చాను. తీరా చూస్తే ఇంటికి తాళం. పక్క వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎలుకల మేడమ్‌వు నువ్వేనా బిడ్డా? సూది తెచ్చినవా?"

నా చేతిలో ఉన్నది నీళ్ల సీసా. దాన్నే సంచిలో దాచేశాను. "లేదవ్వా."

"మరి ఉత్తచేతులతోని ఎందుకొచ్చినవ్? వాళ్లు భూపాలపల్లి పోయిన్రు. నందిని నాయినకు ఆడ పని దొరికింది." గోడ మీద బొగ్గుతో రాసిన కొత్త నంబర్ చూపించింది.

"భూపాలపల్లా? చానా దూరం మేడం. రేపు పోరాదు?" అన్నాడు ఆటో అన్న. రేపటికి నాకు ఈ ధైర్యం ఉండదని చెప్పలేదు. మరిపెడ నుంచి హనుమకొండకు రెండు గంటలు, అక్కడి నుంచి పరకాల మీదుగా మరో రెండు. ఏమీ తినబుద్ధి కాలేదు. నాలుగు దాటాక దిగి ఫోన్ చేస్తే సరోజే వచ్చి తీసుకెళ్లింది. ఒక్క గది, చాప మీద నందిని.

"కూసో మేడం. ఇంజెక్షన్ ఎప్పుడిస్తరు?"

"అది జబ్బు తగ్గించేది కాదు అక్కా."

రాసుకున్న వాక్యాలన్నీ మరచిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ జన్యువును మొదటి నుంచే పూర్తిగా తీసేస్తే ఎలుకపిల్ల తల్లి కడుపులోనే చనిపోతుంది. అందుకే జన్యువుకు రెండు పక్కలా కత్తిరింపు గుర్తులు పెట్టిన ఎలుకలను పెంచుతాం. అవి మామూలుగానే పెరుగుతాయి. పెద్దయ్యాక ఇంజెక్షన్ ఇస్తే, కండరాల్లో మాత్రమే ఉండేలా మేమే పెట్టిన కత్తెరలాంటి ప్రోటీన్ మేలుకుని ఆ ముక్కను తీసేస్తుంది. తర్వాత ఎలుక ఎలా నీరసిస్తుందో చూస్తాం.

"అంటే మంచిగున్నదానికి మీరే రోగం తెప్పిస్తరా?"

"అవును. పెద్దయ్యాక కూడా కండరానికి ఆ జన్యువు కావాలా అన్నది దానివల్ల తెలుస్తుంది."

"మా పిల్లకు?"

"ఇప్పటికైతే ఏమీ లేదు. మందు ఎప్పటికి వస్తుందో నాకు తెలియదు. వ్యాయామం మాత్రం ఆపకూడదు."

సరోజ కూతురి కాళ్ల వైపు చూసింది. "గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోవు. మూడు నెల్లు ఉత్తగ కూసున్నం."

నందిని నా ఫోన్ వైపు చెయ్యి చాచింది. "ఎలుకను చూపియ్యి."

వీడియో పెట్టాను. తోక మీద రెండు గీతలున్న ఎలుక, తిరుగుతున్న కడ్డీ మీద నడుస్తోంది. జారి పడింది.

"పడితే ఏం చేస్తరు?" అంది నందిని.

"మళ్లీ ఎక్కిస్తాం."

"రోగం తెచ్చిపెడితే గూడ అదే నడుస్తున్నది," అంది సరోజ కూతురితో. "నీకేమైంది, దొరసానీ? కాలు చాపు."

మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కుతూ వాళ్ల భాషలో లెక్కపెట్టింది. పోయినేడాది పూర్తిగా చాపిన కాలు ఇవాళ సగంలోనే ఆగింది. నేను ఫిజియోథెరపిస్ట్‌కు ఫోన్ కలిపి సరోజకిచ్చాను. రేపు పొద్దున్నే పాపను ఇక్కడి దవాఖానకు తీసుకెళ్తానని సరోజ ఒప్పుకుంది. నేను బయల్దేరేముందు నందిని ఆ వీడియో అడిగి వాళ్లమ్మ ఫోన్‌కు పంపించుకుంది, రోజూ దానితో పాటు చేస్తానని.

తిరుగు బస్సులో నాకు ఊరట కలగలేదు. ల్యాబ్‌లో ఒక్క గొట్టం మీద నంబర్ తప్పుపడితే వారం నిద్రపట్టని నేను, ఒక మాట సగం చెప్పి ఏడాది హాయిగా ఉన్నాను. ఇలాంటి కుటుంబాలను కలవడానికి వెళ్లేవాళ్లకు ఒక సూచన: పనుల కోసం ఊళ్లు మారేవాళ్ల నంబర్లు మారుతుంటాయి, మొదటి రోజే పక్కింటివాళ్ల నంబర్ కూడా రాసుకోండి.

సరోజ ఫోన్‌లో నడుస్తున్న రెండు గీతల ఎలుక ఇప్పుడు లేదు. కండరాన్ని పరీక్షించడానికి శనివారం దాన్ని నేనే చంపాను.