మూఢం రోజుల మాస్టారు

పొద్దున మా పాపకి స్నానం చేయించి పౌడరు రాస్తుంటే డబ్బా చేతిలోంచి జారి హాల్లో సగం ఒలికిపోయింది. చీపురు తేవడానికి లేచానో లేదో, పౌడరు మీద పడిన నా కుడిపాదం దానంతట అదే మెత్తగా ముందుకు జారింది. దాని వెనకే రెండోది. అరికాలి కింద చల్లటి గచ్చు, ఆ నున్నదనం, చవకరకం గులాబీ వాసన, అన్నీ కలిసి నన్ను తీసుకెళ్ళి నరసన్నపేట కల్యాణ మండపంలో వదిలేశాయి. పాప నన్ను చూసి చప్పట్లు కొడుతోంది. నేను మాత్రం చీపురు సంగతి మరచిపోయి అక్కడే నిలబడిపోయాను. మా మాస్టారు డాన్సు క్లాసు మొదలుపెట్టే ముందు ఇలాగే నేలంతా పౌడరు చల్లేవారు.

ఆయన పేరు ఎర్రయ్య. ఊరంతా షిప్పు ఎర్రయ్య అనేది. కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. తాతతండ్రుల్లా చేపల వేటకి వెళ్ళకుండా, విదేశీ ప్రయాణికుల ఓడలో భోజనాల హాల్లో వడ్డించే పనికి కుదిరారు. ఆ ఓడలో సాయంత్రాలు జంటనాట్యాలు జరిగేవట. ఒంటరిగా ప్రయాణం చేసే పెద్దావిడలకి జంట ఎవరూ ఉండరు కదా. నల్లకోటులో పొడుగ్గా, నిటారుగా కనిపించే ఎర్రయ్యగారిని ఒక సాయంత్రం పై ఆఫీసరు పిలిచి, చేతిలో పళ్ళెం కిందపెట్టి ఓ ముసలావిడ చెయ్యి పట్టుకోమన్నాడట. "ఆమెకి కళ్ళు సరిగ్గా కనపడవు పాపా. నాకేమో అడుగు రాదు. ఆమె నాకు అడుగు నేర్పినాది, నాను ఆమెకి దారి సూపినాను," అని చెప్పేవారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన వడ్డించింది తక్కువ, నాట్యం చేసింది ఎక్కువ. ఉద్యోగం మానేసి ఇంటికి తిరిగొచ్చాక భార్యని ఒక్కసారి తనతో వాల్ట్జ్ అనే ఆ జంటనాట్యం చెయ్యమని అడిగారట. ఆవిడ "ఓలమ్మో, అందరి ముందూ నీ సెయ్యట్టుకుని తిరగాలా? సిగ్గునేదేటి?" అని చేపలబుట్ట నెత్తికెత్తుకుని సంతకి వెళ్ళిపోయింది. ఇంట్లో కుదరకపోయేసరికి ఆయన డాన్సు నేర్పుతానంటూ మా ఊరి మీద పడ్డారు.

ఊళ్ళో పెద్ద హాలంటే వర్తకులంతా కలిసి కట్టుకున్న ఆ మండపమే. ముహూర్తాలున్నప్పుడు అది ఎవరికీ దొరకదు. గురుడో శుక్రుడో సూర్యుడి చాటుకి పోయి మూఢం వచ్చిందంటే మాత్రం పెళ్ళిళ్ళన్నీ ఆగిపోతాయి, హాలు ఖాళీ. మాస్టారు పెద్దల్ని బతిమాలి ఆ రోజుల్లో తాళంచెవి తెచ్చుకునేవారు. అందుకే మా క్లాసు పంచాంగం చూసి తెరుచుకునేది, పంచాంగం చూసి మూతపడేది. ఊరంతా మూఢం ఎప్పుడు వెళ్ళిపోతుందా అని ఎదురుచూస్తుంటే, మేం మాత్రం ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా, నేనే కలగన్నానా అనిపిస్తుంది. భోజనాలవేళ కొట్లన్నీ మూసేసి ఊరు కునుకు తీస్తుండేది. హాల్లో చివరి పెళ్ళి తాలూకు రంగుకాగితాలు ఇంకా తోరణాలకి వేలాడుతుండేవి. ఎండిన బంతిపూల వాసన, పైనుంచి తీరిగ్గా తిరిగే ఫ్యాన్లు, ఎత్తు కిటికీల్లోంచి పడే ఎండలో తేలే పౌడరు. మాస్టారు ఫోన్లో ఏదో ఓడ పాట పెట్టేవారు. మాటలు మాకు అర్థమయ్యేవి కావు, ఆ తూగు మాత్రం తెలిసేది. అప్పుడప్పుడే మావైపు పెళ్ళిళ్ళలో సంగీత్ అనే సరదా మొదలైంది. చిన్నాన్న కూతురి పెళ్ళికి రెండడుగులు నేర్చుకుందామని నేను చేరాను. బీకాం అయిపోయి నాన్న బట్టల కొట్లో గల్లా దగ్గర కూర్చుంటున్న రోజులవి. పెళ్ళి అయిపోయింది, నాతో చేరినవాళ్ళంతా మానేశారు. నేను మానలేదు.

ఎందుకు మానలేదంటే, సూరి. సూరి మాస్టారి మేనల్లుడు, చేపల రేవుకి ఐసు తోలే వ్యాను నడిపేవాడు. జంటకి మనిషి చాలక మాస్టారు అతన్ని లాక్కొచ్చి నా ఎదురుగా నిలబెట్టారు. క్లాసుకొచ్చే ముందు నిమ్మచెక్కలతో మోచేతుల దాకా తోముకుని వచ్చేవాడు. మొదట్లో "వాణిగోరూ, కాలు తొక్కినానేటండి?" అని తొక్కకముందే అడిగేవాడు. అంతటి భారీ మనిషి నా వేళ్ళు పట్టుకోవడానికి భయపడుతుంటే నాకు నవ్వొచ్చేది. పోనుపోను నవ్వు రావడం మానేసి ఇంకేదో రాసాగింది.

పరాయి మగవాడితో చేతులు కలిపి తిరగడమంటే మా ఇంట్లో ఊరుకుంటారా? కాపలాగా నాయనమ్మని పంపారు. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటూ కళ్ళలో వత్తులేసుకుని చూసేది. హాలు మధ్యలో పెళ్ళిపీటలు వేసే చిన్న గచ్చు అరుగుంది. మేం దాని చుట్టూ తిరుగుతూ డాన్సు చెయ్యాలి. మొదటిరోజే నాయనమ్మ వత్తులు ఒళ్ళో పడేసి గట్టిగా అరిచింది.

"ఏటీ గుంటా, అలా ఎడమవేపు తిరుగుతావు? పెళ్ళిళ్ళయ్యే అరుగు. పాడె చుట్టూ తిరిగినట్టు అప్రదక్షిణం తిరుగుతారేటి?"

"అక్కడ అలగే తిరుగుతారు పెద్దమ్మగోరూ," అన్నారు మాస్టారు మెల్లగా.

"అక్కడ అరుగున్నాదేటి? ఇక్కడున్నాది. తిరిగితే ప్రదక్షిణం తిరగండి, నేదంటే నా మనవరాలు ఇంటికొచ్చేస్తాది."

ఓడలో ఏళ్ళ తరబడి పెద్దావిడల మాట తీసెయ్యకుండా బతికిన మనిషాయె. నవ్వి, తల వంచి, మమ్మల్ని రెండోవైపుకి తిప్పారు. ఆ రోజునుంచీ మా వాల్ట్జ్ ప్రదక్షిణం తిరిగింది. హాల్లో తిరిగే జంట మేమొక్కళ్ళమే కాబట్టి, ఎటు తిరిగితే ఏముందిలే అనుకున్నాం.

నాకు అన్నిటికంటే కష్టమైంది వెనక్కి నడవడం. జంటలో ఆడమనిషి చాలాసేపు వెనక్కే నడవాలి. నేను అడుగుకోసారి మెడ తిప్పి చూసేదాన్ని. మాస్టారు తిట్టలేదు. నా వెనక ఒక కుర్చీ వేశారు. "నువ్వు కుర్చీకేసి సూడకు. నీ ఎనక ఏటున్నాదో ఆడు సూస్తాడు. ఆడి ఎనక నువ్వు సూడు. అంతే మరి," అన్నారు. చాలాసార్లు కుర్చీకి గుద్దుకున్నాను, నాయనమ్మ పకపకా నవ్వింది. ఒక మధ్యాహ్నం బయట వాన కురుస్తుంటే, కుర్చీ దాటిపోయిన సంగతి పాట ఆగాకగాని నాకు తెలియలేదు. సూరి నాకేసి చూస్తున్నాడు. మా ఇద్దరి చూపూ కాళ్ళ మీద నుంచి ఎప్పుడు లేచిపోయిందో ఇద్దరికీ గుర్తు లేదు. నాకు గుండెల్లో తీయగా నొప్పెట్టింది.

అలా మూఢాలు వచ్చాయి, పోయాయి. చివరి మూఢంలో మాస్టారు విశాఖపట్నంలో ఒక హోటల్ వాళ్ళు పెడుతున్న జంటనాట్యాల పోటీకి మా పేర్లు ఇచ్చేశారు. అదే వారంలో నాన్న ఇంకో కబురు చెప్పాడు. విజయనగరం నుంచి బియ్యం వ్యాపారం చేసే మావాళ్ళే ఒకళ్ళు, మూఢం వెళ్ళగానే నన్ను చూసుకోవడానికి వస్తారని. "అబ్బాయి బుద్ధిమంతుడు. ఇంక ఆ గంతులు చాలు," అన్నాడు. నేను తలూపాను. తలూపాక పెరట్లోకెళ్ళి ఏడ్చాను. సూరిని కాదని ఇంకెవరి చెయ్యీ పట్టుకోలేనని నాకు స్పష్టంగా తెలుసు. ఆ మాట నాన్నతో చెప్పే ధైర్యం లేదని ఇంకా స్పష్టంగా తెలుసు. వర్తకుల ఇంటి పిల్ల, రేవు వాళ్ళ అబ్బాయి. మా నాన్న ముందు ఆ రెండు మాటలూ ఒక వాక్యంలో పెట్టడం ఎవరి తరం?

ఇదే ఆఖరుసారని నాయనమ్మ నాన్నని ఒప్పించాక, పోటీకి సూరి ఐసు వ్యానులోనే వెళ్ళాం. వాసన పోవడానికి నాయనమ్మ దారిపొడుగునా అగరొత్తులు వెలిగిస్తూనే ఉంది. హోటల్ హాలు చూస్తే కళ్ళు తిరిగాయి. అద్దంలాంటి నేల, నీళ్ళలా కదిలే దీపాల వెలుగు, నేలని తుడుచుకుంటూ పోయే గౌన్లు. సంగీతం మొదలైంది. జంటలన్నీ ఒకవైపుకి కదిలాయి. మేం రెండోవైపుకి కదిలాం.

ఎదురుగా వచ్చిన మొదటి జంట మా భుజాలకి రాసుకుంటూ పోయింది. రెండో జంటలో అమ్మాయి కెవ్వుమంది. జనం నవ్వుతున్నారు, మైకులో ఎవరో వెనక్కి తిరగమంటున్నారు. మా కాళ్ళకి తెలిసిందల్లా ప్రదక్షిణమే. ముందు వరసలోంచి నాయనమ్మ గొంతు ఖంగుమంది. "ఆళ్ళందరూ తప్పు తిరుగుతన్నారు! సెప్పేటోళ్ళే నేరేటి?"

సూరి చెయ్యి చెమటతో తడిసిపోయింది. "ఏటి సేద్దాం వాణీ?" అన్నాడు. మొదటిసారి పేరు చివర 'గోరు' లేకుండా పిలిచాడు.

"ఆగకు," అన్నాను.

ఆగలేదు. ఎదురొచ్చే ప్రతి జంటనీ అతను చూసుకున్నాడు, పక్కకి ఎక్కడ సందుందో నేను చూశాను. మెరుపుల గౌన్లు, ఆశ్చర్యపోయిన మొహాలు, అత్తరు వాసనలు మా పక్కనుంచి తేలిపోతున్నాయి. కాసేపటికి నవ్వులు వినపడటం మానేశాయి. ఆ హాల్లో ఉన్నామో, నీళ్ళ అడుగున ఉన్నామో తెలియలేదు. నాకు పెదాల మీద నవ్వు ఆగడం లేదు. పాట ముగిశాక మమ్మల్ని మర్యాదగా పోటీలోంచి పక్కకి పొమ్మన్నారు.

బయట మెట్ల మీద మాస్టారు తల పట్టుకుని కూర్చున్నారు. "ఆళ్ళు ఎటు తిరుగుతారో నాకు తెల్దేటి పాపా? పెద్దమ్మగోర్ని కాదననేక అలగ మొదలెట్టినాను. తరవాత మార్సుదామనుకున్నాను. అప్పటికి మీరిద్దరూ కాళ్ళకేసి సూడ్డం మానీసి ఒకలికేసి ఒకలు సూసుకుంటన్నారు. మార్సితే మల్లీ కాళ్ళకేసే సూస్తారు కదా. నాకు మనసొప్పనేదు."

ఎవరూ పైకి అనని మాట ఆయన అనేశారు. నా మొహం వేడెక్కిపోయింది. సూరి వ్యాను టైర్లు చూసే వంకతో అటు వెళ్ళిపోయాడు.

"మూఢం ఎల్లిపోతన్నాది," అన్నారు మాస్టారు. "మీ నాన్నకెవులు సెప్తారు?"

"నేనే చెప్పాలి," అన్నాను.

"అయితే రేపు కొట్టుకొస్తాను. నాకో తువ్వాలు కావాల."

మర్నాడు పొద్దున్నే వచ్చారు. నాన్న తెల్లపరుపు మీద కూర్చుని బేరాలు చూస్తున్నాడు. మాస్టారు మూలనున్న బల్ల మీద కూర్చుని తువ్వాళ్ళు చూపించమన్నారు. సేల్స్‌మన్ ఒకటి విప్పాడు. అంచు లావన్నారు. ఇంకోటి విప్పాడు. రంగు పోతుందన్నారు. నేను గల్లా దగ్గరనుంచి లేచి నాన్న ముందు నిలబడ్డాను. తలెత్తి చూస్తే మాస్టారు ఒక తువ్వాలుని వెలుగుకి ఎత్తి పట్టుకుని, దాని పైనుంచి నాకేసే చూస్తున్నారు.

"నాన్నా, విజయనగరం వాళ్ళని రావద్దని చెప్పండి. నేను సూరిని చేసుకుంటాను."

"ఏ సూరి?"

"ఐసు వ్యాను సూరి."

నాన్న చేతిలో కత్తెర ఆగిపోయింది. నెమ్మదిగా మూలకి తిరిగాడు. "ఏమయ్యా ఎర్రయ్యా, ఇది నీ పనేనా?"

"నాను తువ్వాలు కొనడానికొచ్చినాను బాబూ. సెప్పేది పాప. ఇనండి."

నాన్న అనాల్సినవన్నీ అన్నాడు. కులం, పరువు, ఊరు, చేపల కంపు, చచ్చిపోయిన తాతయ్య, ఏదీ వదల్లేదు. నేను దేనికీ తల దించకుండా జవాబు చెప్పాను. నేనలా మాట్లాడగలనని నాకే తెలియదు. నేను తడబడినప్పుడల్లా మూలలో ఇంకో తువ్వాలు విప్పుతున్న చప్పుడు వినిపించేది. చివరికి నాన్న విసిగిపోయి, "నీకసలు తువ్వాలు కావాలా, వద్దా?" అని అరిచాడు.

"తొందర నేదు బాబూ. పాప మాటాడీసినాక సూద్దాం," అన్నారు మాస్టారు.

ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. సాయంత్రం మాత్రం విజయనగరానికి ఫోన్ చేసి రావద్దని చెప్పడం పక్కగదిలోంచి విన్నాను. నాతో మాట్లాడటానికి ఇంకో మూఢం వచ్చి వెళ్ళేదాకా పట్టింది. అప్పుడైనా, "ఆ కుర్రాణ్ణి ఓసారి రమ్మను," అని గోడకేసి చూస్తూ అన్నాడు. శ్రీముఖలింగం గుళ్ళో మా పెళ్ళి జరిగితే చివర్లో వచ్చి, ముందు వరసలో నిలబడ్డాడు.

మాస్టారు మా పాపని చూడకుండానే పోయారు. ఓ మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పరామర్శకి వెళితే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "ఒక్కపాలి తిరగవలసినాది తల్లీ ఆ మనిసితోటి. ఎవులు సూస్తే ఏటి?" అని ఏడ్చింది. ఆవిడ పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. డాన్సు ఇప్పుడు నాకు చాలావరకు మరుపుకొచ్చింది. సూరికైతే నడుము పట్టేస్తుంది.

మొన్న మా కింది వాటా అమ్మాయి మెట్ల మీద బిక్కమొహంతో కనపడింది. చదువుతున్న ఇంజినీరింగు తనవల్ల కాదని, మానేస్తానని వాళ్ళ నాన్నతో చెప్పాలిట. ఆయన కోపిష్టి. "మీరు చెప్పరా ఆంటీ?" అంది. చెప్పనన్నాను. గిన్నె పట్టుకుని, పాలలోకి తోడు కావాలంటూ తన వెనకే వాళ్ళింట్లోకి వెళ్ళాను. వాళ్ళమ్మ తోడు ఇచ్చింది. ఇచ్చినా కదలకుండా ఆవకాయ గురించి అడిగాను, మాగాయ గురించి అడిగాను. ఆ పిల్ల తండ్రి ఎదుట నిలబడి నోరు తెరిచింది, ఆగింది, నాకేసి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. తను చెప్పడం మొదలుపెట్టింది. అయిపోయేదాకా గిన్నె ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.