గట్టు వెంట నడిచిన షికారు

ఒకప్పుడు మా పక్క క్వార్టరులో ఏళ్ళ తరబడి కాపురమున్న సరంగు బావ పోయిన మంగళవారం తెల్లవారుతూనే కన్నుమూశాడు. స్టీలు ప్లాంటులో పనిచేసే ఆయన పెద్దల్లుడు స్కూటరు మీద వచ్చి, ఇంజనైనా ఆపకుండా కబురు చెప్పాడు. అప్పుడే గడ్డానికి సబ్బు రాసుకున్నాను. ఆ సబ్బుతోనే బయల్దేరాను. దారిలో మంగలి షాపు అద్దంలో నా మొహం నాకే కనబడితే, ఆగి కండువాతో తుడుచుకున్నాను. అది గానీ చూసి ఉంటే బావ నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వేవాడు.

సరంగు అంటే లాంచీ నడిపేవాడు. బయట సముద్రంలో లంగరేసిన ఓడలకి మనుషుల్ని చేరవేసే లాంచీలో ఆయన ముప్ఫై ఏళ్ళు చుక్కాని పట్టాడు. మాకు చుట్టరికం లేదు. ఆయనది భీమిలి వైపు, నాది గోదావరి ఒడ్డు. పోర్టులో గుమాస్తాగా చేరిన మొదటి రోజే, "ఏటి బావా, మా ఉప్పుగాలి పడతన్నాదా?" అని పలకరించాడు. ఆ పిలుపు చివరిదాకా మారలేదు. ఆయన నాకు బావ అయ్యాక ఆయన భార్య అక్క కావడం న్యాయమే కదా.

నేను బడికి వెళ్ళింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు ఓడల్లోంచి దిగే గోధుమ బస్తాల మీద చూసి నేర్చుకున్నాను. అందుకే బస్తాల మీద ఉండే కొక్కేలు వాడరాదు అనే ముక్క ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయగలను గానీ, సెలవు చీటీ రాయమంటే మాత్రం ఈ రోజుకీ చెమటలు పడతాయి. సరే, చెప్పేది బావ గురించి.

ఆయన డ్యూటీ దిగి వస్తే ముందు వీధి కుళాయి దగ్గర కాళ్ళు రెండుసార్లు కడుక్కునేవాడు. ఒంటి మీద ఉప్పువాసన పోయాకే గడప తొక్కడం. ఇంట్లో సముద్రం అనే మాటే ఎత్తేవాడు కాదు. కారణం అక్క. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న వేటకు వెళ్ళిన పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. అప్పటినుంచి ఆమె నీటి మీద కాలు పెట్టలేదు. అలాంటి మనిషికి లాంచీ నడిపేవాడు మొగుడయ్యాడు.

బావ రిటైరయ్యే నెల వచ్చింది. ఆయన ఆఫీసరు గది ముందు మూడు రోజులు నిలబడి, ఒక ఆదివారం పొద్దున్న ఇంటివాళ్ళనీ స్నేహితులనీ లాంచీలో తిప్పడానికి అనుమతి తెచ్చుకున్నాడు.

"ఒక్కసారి దాన్ని ఎక్కించాల బావా," అన్నాడు నాతో. "ముప్పై ఏళ్ళు నానేటి సేసేనో అది సూణ్ణేదు."

ఆదివారం మా క్వార్టర్ల లైనంతా జెట్టీ మీదే ఉంది. మా ఆవిడ పులిహోర తెచ్చింది. నేనైతే గోదావరిలో లాంచీ ఎక్కి పెరిగిన వాడినని, కెరటాలంటే నాకు లెక్కలేదని నలుగురికీ వినబడేలా చెబుతున్నాను. అందరూ ఎక్కారు. చేపల పులుసు క్యారేజీ పట్టుకుని అక్క ఒక్కర్తే మెట్టు మీద ఆగిపోయింది.

"ఎక్కవే, నానున్నాను కదా," అన్నాడు బావ.

"నావల్ల కాదు. నువ్వెల్లు. నాను గట్టెంట నడుసుకుంటా వత్తాను."

"ఎక్కడిదాకా?"

"నీ లాంచీ ఎక్కడిదాకా ఎల్తే అక్కడిదాకా."

బావ బతిమాలలేదు, కసరలేదు. ఇంజను తిప్పాడు. ఒకపక్క యారాడ కొండ, ఇంకోపక్క పాత ఊరి గట్టు, మధ్యలో ఓడలు వచ్చిపోయే చానలు, పాలమీగడలా కదలని నీళ్ళు. గట్టు మీద నీలం చీర నడుస్తోంది. లాంచీ ఆ చీర పక్కనే, ఆ చీరంత మెల్లగా పోతోంది. ఇంజను చప్పుడు నిద్రలో గురకలా ఉంది. ఆమె చెప్పులో రాయి పడి ఆగితే లాంచీ కూడా ఆగేది.

మాతో వచ్చిన ఫిట్టరుకి ఓపిక పోయింది. "ఇదేటి సరంగు బావా, లాంచీయా, ఎడ్లబండా?"

"ఎడ్లబండే అనుకో. దిగి నడుత్తావేటి?"

చానలు చివరికి వచ్చాం. గట్టు కొసన రాళ్ళు. ఆఖరి రాయి మీద అక్క ఆగిపోయింది, చేతిలో క్యారేజీతో. అక్కణ్ణుంచి సముద్రం. బయటి గాలి మొహానికి తగులుతోంది. ఎర్ర ఓడ ఒకటి ఎండలో తేలినట్టు కనిపిస్తోంది. అనుమతి ఆ ఒక్క పూటకే. పిల్లలు "పద పద" అని గోల పెట్టారు. బావ ఒకసారి సముద్రం వైపు చూశాడు, ఒకసారి రాయి వైపు చూశాడు, చక్రం తిప్పేశాడు.

"అదేంటి బావా, ఇంత దూరం వచ్చి!" అన్నాను.

"సముద్రం ఎక్కడికి పోద్ది బావా. అది ఒక్కర్తీ అక్కడ నిలబడిపోనాది."

వచ్చినంత మెల్లగానే తిరిగొచ్చాం. జెట్టీ మీద కూర్చుని పులిహోరలో చేపల పులుసు కలుపుకు తిన్నాం. దీన్ని మావాళ్ళు గోదావరి జిల్లాలో ఎవరూ నమ్మరు. నా కెరటాల గొప్ప ఆ రోజు బయటపడకుండా దక్కిందంటే అదీ అక్క చలవే.

రిటైరయ్యాక సాయంత్రాలు వాళ్ళిద్దరూ ఆ గట్టు మీదే నడిచేవారు. ముప్ఫై ఏళ్ళు చుక్కాని దగ్గర నిలబడి బావ మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగడుగులకోసారి ఆగేవాడు. అక్క రెండడుగులు ముందుకెళ్ళి, వెనక్కి చూసి, నిలబడేది. "తొందరేటి, ఓడేమైనా ఎల్లిపోతన్నాదా?" అనేవాడాయన. ఆమె ఆగేది, అంతే.

మొన్న అస్థికలు కలపడానికి రేవులో పడవ మాట్లాడారు. నడిపేవాడు ఒకప్పుడు బావ దగ్గర పని నేర్చినవాడే, ఇప్పుడు వాడికీ తల నెరిసింది. మేం ఎక్కుతుంటే అక్క వచ్చింది. "ఆడోళ్ళెందుకమ్మా," అని పెద్దవాళ్ళు అన్నారు. ఆమె విననట్టే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవలోకి దిగి, మట్టి ముంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చానల్లోకి రాగానే పడవ జోరందుకుంది. అక్క నీళ్ళ వంక చూడలేదు. సముద్రం వంక చూడలేదు. గట్టునే చూస్తోంది.

"తమ్ముడా, మెల్లగా పోనీ," అంది. "అంత జోరైతే మీ సరంగు నడవనేడు. మోకాళ్ళు."

వాడు వేగం తగ్గించాడు. ఇంజను మళ్ళీ నిద్రలో గురకలా అయింది. గట్టు మీద ఎండ తప్ప ఏమీ లేదు. అయినా నేనూ అటే చూస్తూ కూర్చున్నాను. మధ్యమధ్యలో పడవ ఆగింది, మళ్ళీ కదిలింది. ఆఖరి రాయి దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆగింది. అక్క ఆ రాయి వైపు తిరిగి, అక్కడే ఉండమన్నట్టు చెయ్యి చూపించింది.

తరువాత మొదటి కెరటం మమ్మల్ని పైకెత్తింది.