రష్యన్ బృందం, తెలుగు తుమ్ము

మా రష్యన్ పాటల బృందంలో ఇప్పుడు రష్యన్లు లేరు. అయినా శనివారం శనివారం పాడుతూనే ఉన్నాం. ఇదెలా జరిగిందని అడిగినవాళ్ళందరికీ చెప్పలేక నా తల ప్రాణం తోకకొస్తోంది కాబట్టి, ఒక్కసారి రాసి పడేస్తున్నాను.

సింగపూర్‌లోని బెడోక్‌లో మా పై అంతస్తులో ఉండే రష్యన్ ఆంటీ తన దేశపు ఆడవాళ్ళను పోగేసి దీన్ని మొదలుపెట్టింది. వాళ్ళ భర్తల ఉద్యోగాలు ఇక్కడ నిలిస్తే కదా. ఒక్కొక్కరే బదిలీ మీద వెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీలు చూసి ఆంటీ దిగులుపడుతుంటే, ఆవిడ చేసే తేనె కేకుకు అలవాటుపడ్డ నేను వెళ్ళి ఒక కుర్చీలో కూర్చున్నాను. తర్వాత చాంగీ బిజినెస్ పార్క్‌లో నాతో పనిచేసే తెలుగువాళ్ళను లాక్కొచ్చాను. అర్థం తెలియకుండా పాడటం మాకేం కొత్త? చిన్నప్పుడు శ్లోకాలు అలాగే కదా అప్పజెప్పాం. కాకపోతే ఎంత వద్దన్నా ప్రతి పాటకూ చప్పట్లు కొట్టి, చివరికొచ్చేసరికి భజనలా వేగం పెంచేసేవాళ్ళం. ఆంటీ నెత్తి పట్టుకునేది.

మొదటి కచేరీకి బయల్దేరే రోజు ఆంటీ మమ్మల్నందరినీ తన హాల్లో కూర్చోబెట్టింది. ప్రయాణానికి ముందు కాసేపు మౌనంగా కూర్చోవడం వాళ్ళ ఆచారమట. కూర్చున్నాం. లేవబోతుంటే మాలో ఒకాయన తుమ్మాడు. అంతే, ఒక్కరూ లేవలేదు.

"ఏమైంది?" అంది ఆంటీ.

"ఒంటి తుమ్ము, ఆంటీ. మంచినీళ్ళు తాగి మళ్ళీ కూర్చోవాలి. రెండో తుమ్ము వస్తే మాత్రం పర్లేదు, వెళ్ళొచ్చు," అన్నాను.

ఆంటీ గడియారం చూసింది, మమ్మల్ని చూసింది. వంటింట్లోకి వెళ్ళి మిరియాల పొడి డబ్బా తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

కిందటేడు ఆంటీ భర్తకూ బదిలీ వచ్చింది. బృందం ఏమైపోతుందని అందరూ బెంగపడ్డారు. నాకు బృందం సంగతి తర్వాత, ఆవిడ లేకుండా నేనెలా ఉండాలన్నదే ఏడుపు.

వెళ్ళే రోజు సామాన్లు లేని ఆ హాల్లో అందరం నేలమీద మౌనంగా కూర్చున్నాం. కాసేపటికి ఆంటీ లేవబోయింది. నేను తుమ్మాను.

"అమ్మా, ఫేక్ లా," అంది ఇక్కడే పుట్టిన మా అమ్మాయి, సింగపూర్ యాసలో.

ఆంటీ మంచినీళ్ళు తాగి మళ్ళీ కూర్చుంది. ఎలాగూ కూర్చున్నాం కదా అని పాడమని చెయ్యెత్తింది. ఆవిడ మాకు నేర్పిన మొదటి పాట అందుకున్నాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వేగం పెంచితే పాట అయిపోతుందని మొదటిసారి అందరికీ తెలిసొచ్చింది.

ఎంత సాగదీసినా అయిపోయింది. ఆంటీ కళ్ళు తుడుచుకుని, నా మొహంలోకే చూస్తూ గట్టిగా తుమ్మింది. అదీ దొంగ తుమ్మే.

రెండో తుమ్ము. మేం నేర్పిన శాస్త్రమే, ఇక ఆపడానికి లేదు. పెట్టె నేనే లిఫ్ట్ దాకా లాక్కెళ్ళాను.